నల్లమట్టిలో ఇనుప చక్రాలు

వెంకటరత్నం చెప్పే కాకి కథ వినని మనిషి రాయపూర్‌లో రైల్వే వ్యాగన్ల కార్ఖానా వాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాడు కాడు. ఉర్కురా యార్డులో ఒకసారి ఖాళీ వ్యాగన్ని చక్రాల కింద చెక్కముక్క పెట్టకుండా వదిలేశారట. ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి దాని వెనక అంచు మీద వాలిందట. ఆ వాలిన ఊపుకే వ్యాగన్ కదిలి, నిద్రలో నడిచేవాడిలా మెల్లగా మెల్లగా మాంఢర్ స్టేషన్ దాకా వెళ్ళిపోయిందట. కాకి ఎగిరిపోయాక గాని ఆగలేదట.

"తరవాతేటయింది?" అని ఎవరో ఒకరు అడగాలి. అడక్కపోతే తనే అడిగించుకునేవాడు.

"ఏటవుద్ది? స్టేషన్ మాస్టారు కాకికి మెమో ఇచ్చాడు. అది సంతకం పెట్టనంది."

ఈ మాట అనేటప్పుడు అతని మొహంలో చిన్న నవ్వు కూడా ఉండేది కాదు. కథ అబద్ధమే. కానీ దాని అడుగున ఉన్న సంగతి మీద అతనికి దేవుడి మీద ఉన్నంత నమ్మకం ఉండేది. వ్యాగన్లు బాగుచేసే ఆ కార్ఖానాలో, చక్రాల షాపులో, అతని వయసంతా గడిచింది. అరిగిన చక్రాన్ని లేతు యంత్రం మీదికి ఎక్కించి మళ్ళీ గుండ్రంగా చెక్కడం, ఇరుసు కొనలకు బేరింగులు తొడగడం, తొడిగాక చేత్తో తిప్పి చెవి ఆన్చి వినడం అతని పని. గరగర లేకుండా తిరిగిందంటే ఆ పూట అన్నం సయించేది.

పలాస పక్కనుంచి రైల్వే కూలీగా వచ్చిన తండ్రి వల్ల అతను ఈ ఊళ్ళో పుట్టాడు. ఇంట్లో శ్రీకాకుళం మాట, షాపులో హిందీ, చక్రాలతో మాత్రం ఏ భాషా లేని ఒక చనువు. కొత్తగా చేరినవాళ్ళని పిలిచి, పట్టా మీద నిలబెట్టిన చక్రాల జతను చూపించేవాడు. రెండు చక్రాలూ ఇరుసూ కలిపితే టన్ను పైనే. దాన్ని ఒక్క చేత్తో నెట్టి, అది షాపు ఆ చివర దాకా దొర్లుతూ పోతుంటే చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"అంత ఇనుము పట్టాకి ఎంత మేర తగులుతుందో తెలుసా? రూపాయి బిళ్ళంత. అంతే. అదే ఈడ్చుకుపో, చూద్దాం. పదిమంది వల్ల కాదు. దొర్లించు, పసిపిల్లైనా చాలు."

ఇది కాకి కథ కాదు, నిజమే.

అతని భార్య అప్పలనరసమ్మ ఆ కార్ఖానా గేటు ఎదురుగా ఇడ్లీ బండి పెట్టేది. నాలుగు సైకిలు చక్రాల తోపుడు బండి. దాని మీద గ్యాసు పొయ్యి, సిలిండరు, ఇడ్లీ పాత్ర, సాంబారు తపేలా, రెండు బిందెల నీళ్ళు, పళ్ళేలు. పొద్దున్నే క్వార్టరు నుంచి గేటు దాకా తోసుకుపోయేది. మొదటి షిఫ్టు లోపలికి పోయేలోగా సగం ఇడ్లీలు అయిపోయేవి. టిఫిను కోసం వచ్చినవాళ్ళు కబుర్ల కోసం ఆగేవారు. పెళ్ళి సంబంధాలు ఆ బండి దగ్గర కుదిరాయి, ఒకటి రెండు చెడ్డాయి కూడా. ఛత్తీస్‌గఢీ వాళ్ళూ ఒడియా వాళ్ళూ కూడా ఆమెను అక్కా అనే పిలిచేవారు. "అక్కా, ఆజ్ చట్నీ కమ్ హై" అని ఎవడైనా చట్నీ తక్కువైందంటే, "నీ మూతి పెద్దదయిపోనాది, చట్నీ కాదు" అని తెలుగులోనే తిట్టేది. తిట్టు అర్థమై వాడు నవ్వేవాడు.

ఆ బండిని వెంకటరత్నం ఒక్కరోజు కూడా తోయలేదు.

తోయమని ఆమె అడగలేదు, అతనికి తోచలేదు. ఒకసారి గేటు దగ్గర కొత్త కుర్రాడొకడు ఇంకొకడితో "వో హై ఇడ్లీవాలీ కా ఆద్మీ" అనడం అతని చెవిన పడింది. చక్రాల షాపు మేస్త్రీ అని కాదు, ఇడ్లీ ఆవిడ మొగుడు అని. అప్పటినుంచి అతను డ్యూటీకి వెళ్ళేటప్పుడు రోడ్డుకి అవతలి పక్కన నడిచేవాడు. టిఫిను కూడా ఇంట్లోనే కానిచ్చి వచ్చేవాడు. అప్పలనరసమ్మ అది గమనించిందో లేదో అతనికి తెలియదు. బండి వేపు నుంచి ఆమె గొంతు వినిపించేది, అది చాలనుకునేవాడు.

అతనికి రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా ఆమెకు ఆయాసం మొదలైంది. మొదట చలికాలం అనుకున్నారు. తరవాత పొయ్యి వేడి అనుకున్నారు. ఒకరోజు బండి తోస్తూ మధ్యలో ఆగి, హ్యాండిలు మీద తల ఆన్చి చాలాసేపు అలాగే ఉండిపోయిందని ఎవరో వచ్చి చెబితే, రైల్వే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు గుండె విని, ఫొటోలు తీయించి, ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నాడు. పెద్దాస్పత్రికి పంపి ఆపరేషన్ చేయిద్దామంటే ఆమె మంచం దిగి చెప్పులు వేసుకుంది. ఇక బలవంతం చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"సరే. మందులు వేసుకోవాలి. మెల్లగా నడవచ్చు. బరువులు మాత్రం తోయకూడదు" అన్నాడు డాక్టరు.

కూతురు ఫణిశ్రీ ఖమ్తరాయిలో ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్సు చెబుతుంది. ఇంటికొచ్చాక ఆ పిల్లే ముందు మాట ఎత్తింది.

"అమ్మా, బండి ఆపెయ్. ఇన్నాళ్ళు చేసింది చాలు."

"ఆపీసి ఏటి సెయ్యమంతావు? గోడకేసి సూస్తా కూకోమంతావా?"

"రెస్టు తీసుకో."

"నాకు ఆ గేటు కాడే రెస్టు. ఈ క్వార్టర్లో పొద్దున ఎనిమిదికి నువ్వు పోతావు, మీ నాన్న పోతాడు. ఆ తరవాత నాతో మాటాడీది ఫ్యానొక్కటే."

ఎవరినైనా కూలికి పెట్టుకుందామని వెంకటరత్నం అన్నాడు. పరాయి చెయ్యి పడితే ఆ బండి తనది కాదంది ఆమె. ఫణిశ్రీ తాను తోస్తానంది. "టీచరమ్మవి, నీ బడి పిల్లలు సూస్తే నవ్వుతారు" అని ఆమే కొట్టిపారేసింది. ఇక మిగిలింది ఎవరో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. అప్పలనరసమ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి పోయింది.

వెంకటరత్నం ఆమె వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు బండి మానక్కర్లేదు. అది తోసినట్టే తెలీకుండా నేను చేస్తాను. టన్ను బరువు దొర్లించినోడిని, నీ ఇడ్లీ పాత్ర నాకో లెక్కా?"

ఆమె వెనక్కి తిరగలేదు. "అయితే సెయ్ మావా. పద్దాకా రైలు చక్రం గొప్ప వినీవోళ్ళకి సెప్తావు. ఈసారి నాకు సెయ్" అంది.

అతను చేయాలనుకున్నది ఏమిటో అతనికి ముందే తెలుసు. ఆ సైకిలు చక్రాలంటే అతనికి మొదటినుంచీ అసహ్యం. గాలి దిగిపోయే ట్యూబులు, బరువుకి కింద చప్పగా అణిగే టైర్లు. రబ్బరు అణిగినప్పుడల్లా తోసేవాడి శక్తి కొంత అందులోకి పోతుంది, తిరిగి పూర్తిగా రాదు. కాసేపు తోసి టైరు తాకితే వెచ్చగా ఉంటుంది చూడండి, ఆ వెచ్చదనం ఆమె ఊపిరే అనేవాడు. ఇనుము అణగదు. అందుకే రైలు అంత తేలిగ్గా పోతుంది. ఇడ్లీ బండికి ఇనుప చక్రాలు వేయాలి.

ఫణిశ్రీని కూడా అడిగాడు. ఆమె తను చెప్పే తొమ్మిదో తరగతి పుస్తకం తీసి చూసింది. జారే రాపిడి కన్నా దొర్లే రాపిడి చాలా తక్కువ, చక్రం ఎంత గట్టిదైతే అంత తక్కువ, రైలు చక్రాలు ఉక్కువి కావడానికి కారణం ఇదే అని అందులో ఉంది.

"నువ్వు చెప్పేదే ఇందులోనూ ఉంది నాన్నా."

"పుస్తకం నన్నడిగి రాశారు" అన్నాడు వెంకటరత్నం.

అదే షాపులో పనిచేసి అతనికంటే ముందే రిటైరైన ప్రేమ్‌చంద్‌కి భన్‌పురి దగ్గర వెల్డింగు దుకాణం ఉంది. పుట్టింది దుర్గ్ దగ్గర పల్లెలో అయినా తెలుగు వాళ్ళ మధ్య బతికి, తెలుగులో తిట్టడం బాగా నేర్చాడు. ఇద్దరూ కలిసి తుక్కు కొట్లన్నీ గాలించి, ఇనుము సాగదీసే ఏదో మిల్లులోంచి వచ్చిన పాత ట్రాలీ చక్రాలు నాలుగు పట్టుకొచ్చారు. పళ్ళెమంత చక్రాలు, మూడు వేళ్ళ వెడల్పు. వెంకటరత్నం వాటిని లేతు మీద పెట్టించి అద్దంలా చెక్కించాడు. కొత్త బేరింగులు తొడిగాడు. బేరింగు లోపల వరసగా ఉన్న గుండ్రటి గోళీలను వేలితో తిప్పి, "ఇదుగో, ఇక్కడా జారడం లేదు, ఇక్కడా దొర్లడమే" అని మురిసిపోయాడు. అతన్ని అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళో అయిందని ప్రేమ్‌చంద్ తరవాత చెప్పాడు.

దుకాణం సిమెంటు నేల మీద బండిని దించారు. సామానుకి బదులు రెండు సిమెంటు బస్తాలు ఎక్కించారు. వెంకటరత్నం చూపుడు వేలితో హ్యాండిలుని అలా తట్టాడు. బండి బయల్దేరింది. ఆగమంటే ఆగలేదు. దుకాణం దాటి, మూల మీదున్న నీళ్ళ డ్రమ్ముని గుద్ది, డ్రమ్ముని కూడా పడేసింది.

"రత్నం భైయా, దీనికి బ్రేకు పెట్టు. లేకపోతే వదిన బండెక్కి బిలాస్‌పూర్ పోతుంది" అన్నాడు ప్రేమ్‌చంద్.

"బ్రేకు పెడితే నా కాకి ఎక్కడ వాలుతుంది?"

ఇద్దరూ నవ్వి నవ్వి, కింద పోయిన నీళ్ళలోనే కూలబడ్డారు.

ఇంతలో రిటైర్మెంటు వచ్చింది. దండలు వేశారు, గోడగడియారం ఇచ్చారు, క్వార్టరు ఖాళీ చేయమన్నారు. వాళ్ళు ముందే కొనుక్కున్న స్థలంలో రెండు గదులు లేపారు. భన్‌పురి దాటాక పెద్దరోడ్డు దిగి లోపలికి పోవాలి. లేఅవుటుకి పెద్ద పేరుంది, గేటుకి ఆర్చీ ఉంది. రోడ్డు మాత్రం లేదు. సగం ఇళ్ళు పునాదుల్లోనే ఉన్నాయి. అంతా నల్లరేగడి. కన్హార్ అంటారు ఇక్కడివాళ్ళు. ఎండాకాలంలో నెర్రెలిచ్చి రాయిలా ఉంటుంది. వాళ్ళు దిగింది ఎండాకాలంలో. రాయిలాంటి నేల చూసి, "రోడ్డు ఎందుకు, ఇదే రోడ్డు" అన్నాడు వెంకటరత్నం. ఇల్లు సర్దుకుని, వానలు పడి చల్లబడ్డాక బండి మొదలుపెడదామనుకున్నారు.

చల్లబడింది. రెండు రోజులు కుండపోతగా కురిసి, మూడో పొద్దున వాన తెరిపిచ్చింది. అప్పలనరసమ్మ తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, కొత్త బండికి బొట్టు పెట్టింది. ఇన్ని నెలలకి గేటు దగ్గరికి పోతున్నానన్న సంబరం దాచుకోలేకపోయింది. "రంగుల షాపు అప్పారావు నేనొచ్చీదాకా ఎక్కడా ఇడ్లీ తిననన్నాడంట" అని కూతురికి చెప్పింది. పొయ్యి, సిలిండరు, బిందెలు, పాత్రలు అన్నీ ఎక్కించారు. వసారా నాపరాళ్ళ మీద బండి పువ్వులా కదిలింది.

"సూడే, మీ నాన్న నిజంగానే సేశాడు" అంది ఆమె.

నాపరాయి అంచు దిగి మట్టిలోకి వచ్చాక బండి నాలుగడుగులు నడిచింది. తరవాత ముందు చక్రాలు రెండూ కత్తి దిగినట్టు దిగిపోయాయి.

అప్పలనరసమ్మ తోసింది. బండి కదల్లేదు. నడుం వంచి, కాళ్ళు తన్నిపెట్టి మళ్ళీ తోసింది. చక్రాలు తిరగనే లేదు, మట్టిని ముందుకి నెట్టాయి. సాంబారు తపేలా ఒరిగి మూత ఎగిరింది. "వద్దు, వద్దు, వదిలేయ్" అని వెంకటరత్నం పరిగెత్తేలోగా ఆమె మూడోసారి తోసి, హ్యాండిలు పట్టుకునే మోకాళ్ళ మీద బురదలో కూర్చుండిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. పసుపు చీర నిండా నల్లమట్టి.

తండ్రీ కూతురూ ఆమెను ఎత్తుకుని లోపల పడుకోబెట్టారు. మాత్ర వేసి, కిటికీ తీసి, ఊపిరి కుదుటపడేదాకా పక్కనే కూర్చున్నారు. కుదుటపడ్డాక ఆమె కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగింది. తిట్టినా బాగుండునని వెంకటరత్నం అనుకున్నాడు.

అతను బయటికి వచ్చి బండి పక్కన బురదలో కూర్చున్నాడు. కాసేపటికి ఫణిశ్రీ కూడా వచ్చింది. బడికి కట్టుకున్న చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని పక్కనే గొంతుక్కూర్చుంది.

"గట్టి చక్రమే కదమ్మా వేశాను" అన్నాడు అతను.

ఆమె చక్రం ముందున్న మట్టిని చూసింది. అక్కడ చిన్న గట్టులా లేచి ఉంది. వేలు పెట్టి నొక్కితే అణిగింది.

"ఇది చూడు నాన్నా. చక్రం కింద గుంట పడింది. ముందుకి పోవాలంటే ఈ గట్టు ఎక్కాలి. ఎక్కగానే ఆ బరువుకి అదీ అణిగిపోయి ఇంకో గుంట. మళ్ళీ ఇంకో గట్టు. నేల సమంగానే ఉంది, బండి మాత్రం ఎప్పుడూ ఎత్తు ఎక్కుతూనే ఉంటుంది."

"పట్టా మీద గుంట ఉండదుగా?"

"అక్కడా ఉంటుంది. కంటికి కనపడనంత. రూపాయి బిళ్ళంత అంటావు కదా, అదే గుంట."

వెంకటరత్నం చాలాసేపు ఆ గుంటలోకి చూశాడు. లోపల నీళ్ళు ఊరుతున్నాయి. తేలిగ్గా దొర్లడం చక్రం గొప్పేనని ముప్పై ఏళ్ళపాటు అనుకున్నాడు. సగం గొప్ప కింద పడుకున్న పట్టాది. దాని మీద కాలు పెట్టి దాటడమే గాని ఎన్నడూ దాన్ని తలుచుకున్న పాపాన పోలేదు.

"నేను కూడా పుస్తకంలో సగమే చూశాను నాన్నా. ఏటా పిల్లలకి చెబుతూ కూడా" అంది ఫణిశ్రీ.

"నీదేం లేదమ్మా. నాకు మట్టి తెలీదు. షాపు నేలా, పట్టా, కాలనీ తారు రోడ్డు. ఇంతే తెలుసు."

వారం తిరక్కుండా ఇనుప చక్రాలు పీకేసి, ఆటోలకు వేసే వెడల్పాటి రబ్బరు టైర్లు వేయించాడు. తనకి అసహ్యమైన రబ్బరే. అవి బరువుని ఎక్కువ మేర పరుచుకుని, మట్టిలో అంతగా దిగలేదు. లేఅవుటు దాటాయి, పెద్దరోడ్డు ఎక్కాయి. కానీ తారు మీద అవే టైర్లు చెప్పులకి బంక అంటినట్టు బరువుగా సాగాయి. మట్టికి పనికొచ్చింది రోడ్డుకి గుదిబండైంది. పైగా కాలనీలో ఉన్నప్పుడు గేటు రెండు వీధుల అవతల ఉండేది, ఇప్పుడు ఎక్కడో ఉంది. అప్పలనరసమ్మ మళ్ళీ ఒకరోజు బయల్దేరింది. వద్దంటే వినలేదు. వెంకటరత్నం ఆమె పక్కన నడిచాడు, చేతులు వెనక్కి కట్టుకుని, టైర్లవైపే చూసుకుంటూ. రైలు వంతెన కింద దాకా వచ్చి ఆమె ఆగిపోయింది. గోడకి చేరబడి కూర్చుంది.

"గాలి కొంచెం ఎక్కువ కొట్టిస్తే తేలికవుతుంది" అన్నాడు అతను, వంగి టైరు నొక్కి చూస్తూ.

ఆమె నవ్వింది. ఆయాసంలో ఆ నవ్వు దగ్గులా వినిపించింది.

"మావా, చక్రాలు మార్సినావు. బేరింగులు మార్సినావు. టైర్లు మార్సినావు. తోసీ మనిసిని మాత్రం మార్సలేదు."

వంతెన పైన గూడ్సు బండి పోతోంది. అది పోయేదాకా ఏ మాటా వినపడదు. చాలా పొడుగు బండి. అది మొత్తం పోయింది. నోరు తెరిస్తే కథలు రాలే వెంకటరత్నం లేచి, హ్యాండిలు దగ్గరికి వెళ్ళి, ఆమె చేతులు అరగదీసి నున్నగా చేసిన చోట తన చేతులు పెట్టాడు.

తోసిన మొదటి నిమిషంలోనే అతనికి తెలిసింది, అది ఎంత బరువో. ఇన్నేళ్ళుగా అందరికీ దొర్లించడం గురించి చెప్పినవాడు ఆ బరువుని ఎప్పుడూ ఒంటికి తెలుసుకోలేదు. వెనక ఆమె నడుస్తోంది. మాటిమాటికీ ఆగుతోంది. ఆగినప్పుడల్లా అతనూ ఆగాడు.

గేటు దగ్గర షిఫ్టు జనం. అతనికి కళ్ళు ఎత్తబుద్ధి కాలేదు. రిటైరైన మేస్త్రీ చెమటలు కక్కుతూ ఇడ్లీ బండి తోసుకొస్తుంటే నలుగురూ ఆగి చూస్తారనీ, పాత మాటే ఎవడో ఒకడు మళ్ళీ అంటాడనీ అనుకున్నాడు. ఎవరూ ఆగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అన్నేళ్ళు అతను రోడ్డు దాటి నడిచింది ఏ చూపుల గురించో, అక్కడ ఆ చూపులే లేవు. అది అతనికి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

అప్పటికే ఆమె చోటులో మోమో బండి ఒకటి, చౌమీన్ బండి ఒకటి వెలిశాయి. వాటి చివరన, మురుగు కాలవ పక్కన వీళ్ళకి చోటు దొరికింది. పాతవాళ్ళు సగం మంది రిటైరయ్యారు, కొందరు బదిలీల మీద పోయారు. మిగిలిన ముగ్గురు నలుగురు "అక్కా, జిందా హో, బతికే ఉన్నావా?" అంటూ చుట్టూ చేరారు. స్టూలు మీద కూర్చుని ఆమె పళ్ళేలు అందించింది, ఒకడిని తిట్టింది కూడా. ఆ పూట ఆమె మొహం చూసి, ముందే చేసుంటే ఎన్ని పొద్దులు ఇలా ఉండేవో అనుకున్నాడు వెంకటరత్నం. అనుకుని గ్లాసులు కడిగాడు.

అలా దసరాల దాకా నడిచింది. అతను తోయడం, ఆమె వెనక నడవడం. మొదట వంతెన దగ్గర ఒకసారి కూర్చునేది. తరవాత ఆర్చీ దగ్గరా, వంతెన దగ్గరా. తరవాత ఆర్చీ దాటలేదు. కాళ్ళు వాచాయి. ఒక పొద్దున చెప్పులు వేసుకుని వసారాలో నిలబడి, మళ్ళీ విప్పేసి, "నువ్వెల్లు మావా. సాంబారు అడుగంటనీకు" అంది. ఆ తరవాత ఇక చెప్పులు వేసుకోలేదు.

బండి మానేద్దామని అతనే అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. నువ్వు వెళ్ళకపోతే అక్కడి కబుర్లు నాకెవరు చెబుతారు అంది. ఫణిశ్రీ తెల్లారగట్ల పిండి కలిపి, చట్నీ రుబ్బి బండి సర్దేది. అతను తోసుకుపోయేవాడు. అతని చేతి ఇడ్లీ రాయిలా ఉండేది. సాంబారు ఒకరోజు ఉప్పు, ఒకరోజు చప్పన. మోమో బండి చుట్టూ కుర్రాళ్ళు మూగేవారు. ఇతని దగ్గరికి ప్రేమ్‌చంద్ ఒక్కడే దుకాణం వదిలి వచ్చి, పళ్ళెం ఖాళీ చేసి పోయేవాడు. మిగిలింది వచ్చేదారిలో వంతెన కింద కూర్చునే వాళ్ళకి పెట్టేసి, ఖాళీ గిన్నెలతో ఇంటికి చేరేవాడు.

వసారాలో మంచం మీద దిళ్ళకి ఆనుకుని ఆమె ఎదురుచూస్తూ ఉండేది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు.

"అన్నీ అయిపోనాయా?"

"ఒక్కటి మిగల్లేదు. గిన్నె చూడు."

"ఎవులెవులొచ్చారు?"

అతను గోడకి చేరబడి, కాళ్ళు చాపుకుని మొదలుపెట్టేవాడు. ఫలానా వాడు వచ్చాడు, కొడుక్కి భిలాయిలో సంబంధం కుదిరిందట. ఒడియా అతను పెళ్ళాంతో పోట్లాడి వచ్చి రెండు పళ్ళేలు తిన్నాడు. క్యాంటీను వాడు నీ చట్నీ ఎలా చేస్తుందో చెప్పమని కాళ్ళు పట్టుకున్నాడు. కార్ఖానా పెద్దసారు కారు ఆపి, అద్దం దించి, అక్క ఎప్పుడొస్తుందని అడిగాడు. ఒక్కోటి చెబుతుంటే ఆమె కళ్ళు మూసుకునే వినేది, పెదాల చివర కొద్దిగా కదిలేది.

ఒక పొద్దున ఎవరూ రాలేదు. ప్రేమ్‌చంద్ కూడా జ్వరమని రాలేదు. వెంకటరత్నం చాలాసేపు గేటు ఎదురుగా ఒక్కడే నిలబడి తిరిగి వచ్చాడు.

"ఎవులొచ్చారు మావా?"

"చాలామంది. అప్పారావు వచ్చాడు. నాలుగు ఇడ్లీ తిని ఇంకో రెండు వేయించుకున్నాడు."

అప్పారావు పోయిన నెల చనిపోయాడు. ఆ కబురు ఫణిశ్రీ బడి నుంచి వస్తూ విని వచ్చి, తండ్రి బండి దగ్గర ఉన్నప్పుడు, తల్లికి చెప్పింది. తండ్రితో చెప్పడం మరిచిపోయింది. గుమ్మంలో నిలబడ్డ ఫణిశ్రీ తల్లివైపు చూసింది.

అప్పలనరసమ్మ కళ్ళు తెరిచి భర్తను చూసింది. చెమటకి అతని చొక్కా ఒంటికి అంటుకుని ఉంది. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"చట్నీ మల్లీ అడిగాడా?" అంది.

"మూడుసార్లు అడిగాడు."

"ఏసినావా?"

"వేశాను."

"మంచి పని సేసినావు" అని, ఆమె దిండు సర్దుకుని ఊపిరి కోసం కాసేపు ఆగింది. "ఇంకెవులొచ్చారు, సెప్పు."